నీళ్లు పడలేదా?

ఊరెళ్లి వచ్చిన మనిషి ఒంటిమీద ఎర్రగా ఏదైనా లేస్తే తెలుగిళ్లలో తీర్పు వెంటనే వచ్చేస్తుంది: నీళ్లు పడలేదు. కాశీ వెళ్లొచ్చినా, కువైట్ నుంచి దిగినా, అమెరికాలో కొడుకింట్లో ఆరు నెలలు ఉండొచ్చినా ఇదే మాట. ప్రయాణానికీ దద్దుకూ ఏదో సంబంధం ఉందన్న అనుమానం సబబైనదే. నేరాన్ని ప్రతిసారీ నీటిమీదే మోపడంలోనే చిక్కు ఉంది. ఊరు మారినప్పుడు నీళ్లొక్కటే మారవు. ఎండ మారుతుంది, గాలిలో తేమ మారుతుంది, పడకా దుప్పటీ మారతాయి, సబ్బు మారుతుంది, తిండి మారుతుంది. కొత్త చెట్లు తగులుతాయి, కొత్త పురుగులు కుడతాయి. ముందుజాగ్రత్తకని కొత్త మాత్రలు మింగుతారు. రైల్లో పక్కసీటులో ఎవరో దగ్గుతారు. ఇన్ని మార్పులు ఒక్కసారే జరగడం వల్ల ఏది కారణమో తేల్చడం కష్టమవుతుంది.

తేల్చడానికి చర్మవైద్యులు దద్దు రూపాన్ని చూడటంతో ఆగరు, తేదీలు కూడా అడుగుతారు. ఎప్పుడు బయల్దేరారు, ఎప్పుడు తిరిగొచ్చారు, దద్దు ఏ రోజు మొదలైంది, ఒంట్లో ఏ చోట మొదలైంది, జ్వరం ఉందా, ఏ మందులు వాడారు. ఈ ప్రశ్నలకు కారణం ఉంది. చర్మం అన్నిటికీ ఒకే వేగంతో స్పందించదు. పడని రొయ్య తింటే నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. పడని ఆకు రాసుకుంటే ఒకటి రెండు రోజులు పడుతుంది. దోమ ఎక్కించిన వైరస్ వారం తీసుకుంటుంది. గజ్జి పురుగు మొదటిసారి ఒంట్లో చేరితే దురద మొదలవడానికి నెల దాటవచ్చు. ఈ తేడా తెలియనివారు దద్దుకు ముందు చివరగా తిన్నదాన్నో తాగినదాన్నో తప్పుపడతారు. అసలు కారణం అప్పటికి వారం వెనకే ఉండిపోయి ఉంటుంది. అందుకే ప్రయాణపు దద్దుర్లను వాటి కాలక్రమంలో చూడటం మేలు.

నిమిషాల నుంచి గంటల్లోపు లేచేవి అసలు దద్దుర్లు. చర్మంలో ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలినప్పుడు సన్నని రక్తనాళాల నుంచి ద్రవం ఊరి, చర్మం ఉబ్బి, విపరీతంగా దురదపెడుతుంది. వీటి గుర్తు ఒకటుంది. ఒక్కో దద్దు సాధారణంగా 24 గంటల్లోపే మచ్చ మిగలకుండా మాయమై మరోచోట లేస్తుంది. రొయ్యలు, పీతలు, వేరుసెనగ, గుడ్లు, కందిరీగ కాటు, పెన్సిలిన్ జాతి మందులు వీటికి తరచు కనిపించే కారణాలు. ఒళ్లునొప్పులకు వేసుకునే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా కారణం కావచ్చు. జలుబు వంటి మామూలు వైరస్ జబ్బు వెంట కూడా ఇవి వస్తాయి. కొందరికి చల్లగాలి తగిలినా, ఒళ్లు వేడెక్కి చెమటపట్టినా, బ్యాగు పట్టీ భుజాన్ని గంటల తరబడి నొక్కినా లేస్తాయి. చాలామందిలో కారణం తేలకుండానే కొద్ది రోజుల్లో అణిగిపోతాయి.

సముద్రతీరపు ఊళ్లలో చేప తిన్న తర్వాత ముఖం, మెడ ఎర్రబడి మండితే అది చేప పడకపోవడం కాకపోవచ్చు. ట్యూనా, కానాగంత వంటి చేపలను పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే వాటి కండలో బ్యాక్టీరియా హిస్టమిన్‌ను తయారుచేస్తుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న గంటలోపే ఒళ్లు ఎర్రబడి, తలనొప్పి, గుండెదడ వస్తాయి. కొన్ని గంటల్లో తగ్గిపోతాయి. అదే చేపను తాజాగా తింటే ఆ మనిషికి ఏమీ కాకపోవచ్చు. దద్దుర్లతో పాటు పెదవులు, నాలుక వాచినా, గొంతు బిగుసుకున్నా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా మాత్రం ఆలోచిస్తూ కూర్చోకూడదు. అది ప్రాణాంతకమైన అలర్జీ. తొడ కండకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే దానికి మొదటి మందు.

ఎండ, చెమట వల్ల వచ్చేవి రెండో వరుసలో నిలుస్తాయి. చల్లని ఊరి నుంచి ఉక్కపోత ఊరికి వచ్చినవారికి స్వేదనాళాలు మూసుకుపోయి మెడ, వీపు, నడుము చుట్టూ చెమటకాయలు లేస్తాయి. చల్లటి గది, వదులైన నూలు బట్ట దొరికితే అవే పోతాయి. ఎండకు కాలిన చర్మం ఆ సాయంత్రానికే ఎర్రబడి మరునాటికి మరింత మండుతుంది. తలనీలాలు ఇచ్చిన గుండు ఎండకు ఎన్నడూ అలవాటు పడనిది కాబట్టి త్వరగా కమిలిపోతుంది. కేదారనాథ్, లద్దాఖ్ వంటి ఎత్తైన చోట్ల చలి వేస్తున్నా ఎండ కాలుస్తుంది. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది, మంచు వాటిని తిప్పికొట్టి దాదాపు రెట్టింపు చేయగలదు. మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ వేసుకునేవారి చర్మం మామూలు ఎండకే కాలవచ్చు. నిమ్మకాయ పిండిన చేతులు కడుక్కోకుండా ఎండలో తిరిగితే రసం పడిన చోటల్లా మరునాడు ఎర్రబడి, బొబ్బలెక్కి, తర్వాత నల్లని చారలు మిగులుతాయి. అవి పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

తెలుగువారి యాత్రల్లో నడక ఎక్కువ. అలిపిరి మెట్లు మూడున్నర వేలు, అరుణాచల గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, సింహాచలం గిరిప్రదక్షిణ 30 కిలోమీటర్లు దాటుతుంది. అలవాటు లేని కాళ్లతో, ముఖ్యంగా ఉక్కలో, ఇంత దూరం నడిచినవారిలో కొందరికి పిక్కల మీద ఎర్రటి, ఊదారంగు మచ్చలు వస్తాయి. నడివయసు దాటిన స్త్రీలలో ఇవి ఎక్కువ. వేడికి, శ్రమకు కాళ్లలో రక్తం నిలిచి సన్నని రక్తనాళాలు వాయడం వీటికి కారణంగా భావిస్తారు. సాక్సు బిగుతుగా పట్టి ఉన్న చోట మచ్చలు ఉండకపోవడం దీని ఆనవాలు. ఇది అలర్జీ కాదు, అంటుకునేదీ కాదు. కాళ్లు ఎత్తిపెట్టి విశ్రాంతి తీసుకుంటే చాలావరకు పది రోజుల్లోపు పోతుంది.

రాత్రి గడిపిన గది నుంచి వచ్చేవి పురుగుల కాట్లు. సత్రాలు, లాడ్జీలు, స్లీపర్ బస్సులు, ఖరీదైన హోటళ్లు, ఇవేవీ నల్లులకు మినహాయింపు కావు. పరుపు కుట్లలో, మంచం పగుళ్లలో పగలు దాక్కుని రాత్రి బయటికొస్తాయి. దుప్పటి కప్పని చేతులు, మెడ, ముఖం మీద మూడు నాలుగు కాట్లు ఒక వరుసలో కనిపిస్తే నల్లులను అనుమానించాలి. కాటు వేసిన రాత్రే దద్దు లేవాలని లేదు, కొందరికి చాలా రోజుల తర్వాత గానీ కనిపించదు. అప్పటికి ఊరూ గదీ మారిపోతాయి కాబట్టి నింద సొంత ఇంటి దోమల మీద పడుతుంది. నల్లులు రోగాలు అంటించినట్టు రుజువు లేదు గానీ పెట్టెలో చేరి ఇంటిదాకా వస్తాయి. యాత్ర బట్టలను వేడినీళ్లలో ఉతకడం అందుకే మంచిది.

వానాకాలంలో దీపాల వెలుగుకు వచ్చే పురుగుల్లో చీమలా సన్నగా, నలుపు నారింజ రంగుల్లో ఉండే పెడరస్ ఒకటుంది. ఇది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుంటే అలవాటుగా నలిపేసినప్పుడు దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషరసం చర్మానికి అంటుతుంది. అప్పటికి ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజుల్లో కొరడాతో కొట్టినట్టు పొడవాటి వాత తేలి, బొబ్బలెక్కి మండుతుంది. మోచేయి మడతలో ఒకవైపు అంటితే, చేయి ముడిచినప్పుడు ఎదురువైపు కూడా అచ్చు పడుతుంది. దీన్ని నలపకుండా ఊది పారదోలడం, నలిపితే వెంటనే సబ్బుతో కడగడం తెలిసినవారి పద్ధతి.

ఒకటి రెండు రోజుల ఆలస్యంతో వచ్చే మరో పెద్ద వర్గం తాకుడు వల్ల వచ్చే చర్మశోథ. అమెరికా వెళ్లిన తల్లిదండ్రులు పెరటి కంచెల దగ్గర, పార్కుల అంచున మూడేసి ఆకుల తీగను కలుపు మొక్క అనుకుని పీకుతారు. అది పాయిజన్ ఐవీ. దాని జిగురులోని ఉరుషియోల్ చర్మంలోకి ఇంకి, రోగనిరోధక కణాలను రేపి, ఆకు గీసుకున్న వరుసలోనే నీటి బొబ్బలు లేపుతుంది. మామిడి, జీడి కూడా ఆ కుటుంబానివే. మామిడి సొన పడి మూతి పొక్కిన అనుభవం ఉన్నవారు, జీడిగింజ నూనెకు చేతులు పుండ్లు పడినవారు ఈ తీగ దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి. బొబ్బలోని నీరు మరొకరికి అంటదు. బట్టలకూ చెప్పులకూ పట్టిన జిగురు మాత్రం అంటుతుంది. మన వైపు ఇలాంటి పని చేసేది వయ్యారిభామ. దాని సన్నని రేణువులు గాలిలో ఎగిరి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో దురద పుట్టిస్తాయి. దూలగొండి కాయ నూగు తగిలితే దురద అప్పటికప్పుడే మొదలవుతుంది.

మొక్కలే కాదు, కొత్తగా ఒంటికి తగిలే ప్రతిదీ అనుమానించదగినదే. హోటల్ సబ్బు, అద్దె దుప్పట్లకు వాడిన డిటర్జెంట్, చవక గొలుసులోని నికెల్, మంగళసూత్రం పక్కన కట్టుకున్న కొత్త తాడు, జాతరలో పెట్టించుకున్న నల్ల గోరింట. నల్ల గోరింటలో రంగు కోసం తరచు జుట్టురంగులో వాడే పీపీడీ కలుపుతారు. డిజైను గీసిన గీతల వెంబడే చర్మం బొబ్బలెక్కితే కారణం వెతకనక్కరలేదు. మాల వేసుకున్నవారు కొత్త నల్లబట్టలు ఉతక్కుండా కట్టుకుని చెమటలో నడిచినప్పుడు నడుము, చంకలు, తొడల దగ్గర పుట్టే దురదలో బట్ట రంగుకు భాగం ఉండవచ్చు. ముఖ్యంగా కృత్రిమ దారపు బట్టలకు వేసే కొన్ని రంగులు అలర్జీ కలిగిస్తాయి. చలికాలంలో అమెరికా, ఐరోపా ఇళ్లలో హీటర్ల వేడికి గాలి పొడిబారుతుంది. రోజూ వేడినీళ్ల స్నానం చేసే పెద్దవాళ్ల మోకాళ్ల కింద చర్మం ఎండి, ఎండిన చెరువులా బీటలువారి దురదపెడుతుంది. అక్కడ కావలసింది దురద మాత్ర కాదు, స్నానం కాగానే రాసుకునే కొబ్బరినూనె లాంటి జిడ్డు పదార్థం.

నీటికి నిజంగా భాగముండే సందర్భాలు కొన్ని ఉన్నాయి, అవి తాగే నీటివి కావు, దిగే నీటివి. పక్షుల, పశువుల ఒంట్లో పెరిగే ఒక రకం పరాన్నజీవి పిల్లలు నత్తల నుంచి చెరువు నీటిలోకి వస్తాయి. ఆ నీటిలో ఈదిన మనిషి చర్మంలోకి పొరపాటున దూరి అక్కడే చచ్చిపోతాయి. కొన్ని గంటల్లో నీట మునిగిన మేర చిన్న దురద పొక్కులు లేస్తాయి. రిసార్టుల్లో క్లోరిన్ సరిగా లేని వేడినీటి తొట్లలో సూడోమోనాస్ బ్యాక్టీరియా పెరుగుతుంది. స్నానం చేసిన ఒకటి రెండు రోజులకు, ఈతదుస్తుల కింద ఎక్కువగా, వెంట్రుక మొదళ్లలో చీముపొక్కులు వస్తాయి. సముద్రంలో జెల్లీ చేప తీగ తగిలితే కొరడా వాత లాంటి గుర్తు అప్పుడే పడుతుంది. కుక్కలు తిరిగే ఇసుకలో వట్టికాళ్లతో నడిచినవారి పాదంలోకి కొంకిపురుగు పిల్ల దూరితే, చర్మం కింద వంకర టింకర గీత రోజుకు కొద్దికొద్దిగా ముందుకు సాగుతుంది. చూడటానికి భయంగా ఉన్నా ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ వంటి మందులకు లొంగుతుంది.

నాలుగు నుంచి పధ్నాలుగు రోజుల మధ్య ఒళ్లంతా సమంగా వ్యాపించే ఎర్రని దద్దుకు మందులు ముఖ్య కారణం. ప్రయాణంలో మనుషులు మామూలుగా వాడని మాత్రలు వాడతారు. విరేచనాలకు మెట్రోనిడజోల్, టినిడజోల్, జ్వరానికి యాంటీబయాటిక్, ఎత్తైన చోట్లకు ముందు ఎసిటజోలమైడ్. మాత్రలు అయిపోయి ఇంటికొచ్చాక దద్దు వస్తే వాటి మీద అనుమానం పోదు. మన దేశంలో తరచు కనిపించే మరో రూపం ఒకేచోట వచ్చే మందుదద్దు. పెదవి మీదో, చేతిమీదో, మర్మాంగం మీదో గుండ్రటి ఎర్రని మచ్చ లేచి నల్లబడుతుంది. ఆ మందు మళ్లీ వేసుకుంటే కొన్ని గంటల్లోనే సరిగ్గా అదే చోట మళ్లీ లేస్తుంది. మందు తర్వాత నోరు పుండ్లుపడి, కళ్లు ఎర్రబడి, చర్మం నొప్పిగా మారి ఊడుతుంటే అది అత్యవసర పరిస్థితి. మందు ఆపి అదే రోజు ఆస్పత్రిలో చేరాలి.

జ్వరంతో కలిసిన దద్దు వేరే తరగతి. అక్కడ తేదీల లెక్క మరీ ముఖ్యం. డెంగీ దోమ కుట్టిన నాలుగు నుంచి పది రోజుల్లో జ్వరం వస్తుంది. కాబట్టి ఊరు విడిచి రెండు వారాలు దాటాక మొదలైన జ్వరాన్ని ఆ ఊరి డెంగీ అనడం కుదరదు. జ్వరం తగ్గే రోజుల్లో ఒళ్లంతా ఎర్రబడి మధ్యమధ్యలో తెల్లని మచ్చలు మిగలడం డెంగీ దద్దు తీరు. డెంగీ కాదని తేలేదాకా నొప్పులకు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వాడకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ బయటపడి దేశమంతా పాకిన చికున్‌గున్యాలో దద్దుకన్నా కీళ్లనొప్పులు బాధిస్తాయి. తగ్గాక ముక్కు మీద నల్లమచ్చ మిగలడం చాలామంది చూసిందే.

తట్టు సోకిన పది పధ్నాలుగు రోజులకు జ్వరం, దగ్గు, ఎర్రకళ్లతో మొదలై, చెవుల వెనుక, ముఖం మీద పుట్టిన దద్దు కిందికి దిగుతుంది. దాని వైరస్ మూసిన గదిలో రోగి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు. విమానాశ్రయాలు దాని వ్యాప్తికి అనువైన చోట్లు. ఆటలమ్మ 10 నుంచి 21 రోజులు తీసుకుంటుంది, కొత్త పొక్కులు, పాత పొక్కులు, పక్కులు ఒకేసారి కనిపిస్తాయి. పొదల్లో, గడ్డిలో తిరిగినవారికి వారం రెండు వారాల తర్వాత జ్వరం వస్తే చంకలు, గజ్జలు, నడుము వెతికి చూడాలి. సిగరెట్టుతో కాల్చినట్టు నొప్పిలేని నల్లపెచ్చు దొరికితే అది స్క్రబ్ టైఫస్ గుర్తు. సరైన సమయంలో ఇస్తే చవకైన డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. న్యూజెర్సీ వంటి ఈశాన్య అమెరికా రాష్ట్రాల్లో గోమారి లాంటి పురుగు కరిచిన మూడు నుంచి ముప్పై రోజుల్లో రోజురోజుకూ వెడల్పయ్యే ఎర్రని వలయం లైమ్ వ్యాధిది. దురద పెద్దగా ఉండదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. ఇండియాకు వచ్చాక చూపించేవారు అమెరికా మాట చెప్పకపోతే ఇక్కడి వైద్యుడికి ఆ ఆలోచనే రాకపోవచ్చు.

ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. పారదర్శకమైన గాజుగ్లాసును దద్దు మీద నొక్కితే ఎరుపు పోయి చర్మం తెల్లబడుతుందా చూడాలి. పోకపోతే చర్మం కింద రక్తం చిమ్మిందని అర్థం. జ్వరంతో పాటు ఇలాంటి మచ్చలుంటే మెనింజోకాకల్ జబ్బు, తీవ్రమైన డెంగీ వంటివి కావచ్చు. హజ్ యాత్రికులకు మెనింజైటిస్ టీకా తప్పనిసరి చేసింది ఈ భయంతోనే. నొక్కినా పోని మచ్చలకు జ్వరం తోడైతే గంటలు కూడా విలువైనవే.

బాగా ఆలస్యంగా బయటపడేవాటిలో ఒకటి గజ్జి. ఒకే గదిలో పదిమంది పడుకున్న యాత్ర ముగిసి నాలుగైదు వారాలయ్యాక వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ రాత్రిపూట దురద మొదలవుతుంది. ఇంట్లో మరొకరు కూడా గోక్కుంటుంటే అనుమానం బలపడుతుంది. ఐదు శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి పాదాల దాకా రాసుకుని, వారం తర్వాత మళ్లీ రాసుకోవాలి. దురద లేకున్నా ఇంటిల్లిపాదీ ఒకేరోజు రాసుకోకపోతే అది ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. అరచేతుల్లో, అరికాళ్లలో దురదలేని ఎర్రమచ్చలు సిఫిలిస్‌వి కావచ్చు. ప్రయాణంలో రక్షణలేని శారీరక సంబంధం జరిగి ఉంటే, రెండు నుంచి నాలుగు వారాలకు జ్వరంతో వచ్చే దద్దు హెచ్‌ఐవీ తొలిదశదీ కావచ్చు. సిగ్గుతో దాచిన ఆ ఒక్క విషయమే రోగనిర్ధారణను నెలలు వెనక్కి నెడుతుంది.

ఇన్ని కారణాలకు ఒకే మందు ఉండదు. అయినా చాలామంది మందులషాపుకు వెళ్లి స్టిరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీము కొనుక్కొస్తారు. రెండు రోజులు దురద తగ్గుతుంది, కింద తామర ఉంటే అది మారువేషంలో పెరుగుతుంది, చర్మం పలచబడుతుంది. ఏమిటో తెలియని దద్దుకు చల్లటి తడిగుడ్డ, కాలమైన్ లోషన్, అవసరమైతే సెట్రిజిన్ వంటి దురద మాత్ర చాలు. జ్వరం, నొప్పి, బొబ్బలు, నోటిలో పుండ్లు, ముఖం వాపు, ఆయాసం, గాజుగ్లాసుతో నొక్కినా పోని మచ్చలు ఉంటే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు దద్దు మొదటిరోజు తీసిన ఫోటో, వాడిన మాత్రల పట్టీలు, వెళ్లిన ఊళ్ల పేర్లు, తేదీలు వెంట ఉండాలి. దద్దు వారంలో మాయమవుతుంది, రూపం మారుస్తుంది. తేదీలు మాత్రం మారవు, చర్మాన్ని చూసి తేలనిది చాలాసార్లు వాటితోనే తేలుతుంది.